పెట్టెలో బొమ్మ, జాడీలో ఆవకాయ

చి. అమ్ములుకి, బాబిగాడికి,

తాతయ్య ఆశీస్సులు. సంక్రాంతి కొలువుకి మెట్లు అమరుస్తున్నామని మీ అమ్మ ఫోనులో చెబుతుంటే, వెనకాల అమ్ములు అడిగిన ప్రశ్న నాకు వినపడింది. "పెట్టెలోంచి తీయని బొమ్మ బొమ్మెలా అవుతుంది?" అత్తయ్య ఇచ్చిన కోకాకోలా బార్బీని బయటికి తీయాలా, పెట్టెతోనే మెట్టెక్కించాలా అన్నది తగువు. ఫోనులో తేలేది కాదు గనక రాస్తున్నాను.

ముందు ఆవిడ ఎవరో తెలుసుకోండి. మీ పెట్టె మీద సోడా ఫౌంటెన్ స్వీట్‌హార్ట్ అని ఉందట. 1996లో, బార్బీని చేసే మ్యాటెల్ కంపెనీ మొదలుపెట్టిన కోకాకోలా ఫ్యాషన్ క్లాసిక్ వరసలో అది మొదటి బొమ్మ. మరుసటి ఏడాది ఆఫ్టర్ ద వాక్ అని ఇంకొకటి వచ్చింది. రెండూ ఎవరో కొత్తగా ఊహించి కుట్టిన గౌన్లు కావు. 1900 తర్వాతి తొలి ఏళ్ళలో కోకాకోలా వాళ్ళు ప్రకటనలుగా పంచిన బొమ్మల్లోని అమ్మాయిలను చూసి కుట్టినవి. అంటే మీ చేతిలో ఉన్నది ఒక క్యాలెండరు బొమ్మ. గోడ మీంచి దిగి, ముందూ వెనకా వచ్చి నిలబడింది, అంతే.

మన కిరాణా కొట్టువాడు ఉగాదికి లక్ష్మీదేవి క్యాలెండరు ఇస్తాడు చూడండి, అడుగున కొట్టు పేరుతో. దేవి ఉందని మనం గోడకు తగిలిస్తాం, ఏడాదంతా కొట్టు పేరు కూడా చదువుతాం. కోకాకోలా వాళ్ళూ ఇదే చేశారు. అమెరికాలోని అట్లాంటాలో జాన్ పెంబర్టన్ అనే మందుల తయారీదారు 1886లో కోకాకోలా పాకం కాచాడు. గ్లాసు అయిదు సెంట్లు. ఆ ధర 70 ఏళ్ళ పైచిలుకు కదల్లేదు. ధర పెంచనివాడు గ్లాసులు ఎక్కువ అమ్మాలి కదా, అందుకని క్యాలెండర్లు, రేకు ట్రేలు, కాగితపు విసనకర్రలు పంచారు. దేవతల బదులు పెద్ద టోపీ పెట్టి, చేతికి తొడుగులు వేసి, గ్లాసు పట్టుకున్న మర్యాదస్తురాలు. హిల్డా క్లార్క్ అనే నటి, లిలియన్ నార్డికా అనే ఒపేరా గాయని ఆ ప్రకటనల్లో కనిపించినవాళ్ళే. టోపీలు అంత పెద్దవేమిటని అడగకండి, అప్పటి ఫ్యాషన్ అది. తలకట్టు ఎత్తుగా దువ్వి, దాని మీద ఓ పూలకుండీని బోర్లించినట్టు ఉండేవి.

సోడా ఫౌంటెన్ అంటే ఫౌంటెన్ కాదు. మందుల షాపులో పాలరాతి బల్ల, దాని మీద కుళాయిలు. పాకం ఓ ఔన్సు గ్లాసులో పోసి, పైన గ్యాసు నీళ్ళు పట్టి, పొడుగు చెంచాతో తిప్పి ఇచ్చేవాళ్ళు. మన దగ్గర బండి మీద నిమ్మకాయ సోడా కలిపేవాడూ చేసేది ఇదే పని, పాలరాయి లేదు గానీ.

సోడా అంటే గుర్తొచ్చింది. 1977లో కోకాకోలా మన దేశం వదిలి వెళ్ళి మళ్ళీ 1993లో వచ్చింది. నడుమ పుట్టి పెరిగిన మన పిల్లలకి ఆ సీసా తెలియదు. వాళ్ళకి బాగా తెలిసింది గోలీసోడా. ఇంగ్లండులో హైరమ్ కాడ్ 1872లో పేటెంటు తీసుకున్న సీసా అది. మూత లేదు. లోపలి గ్యాసే గాజు గోలీని పైకి నెట్టి, మెడలోని రబ్బరు వాషరుకి బిగించి పెడుతుంది. బొటనవేలితో నొక్కితే కీచుమని అరుపు. గోలీ వెనక్కి దొర్లి మూతికి అడ్డం పడకుండా మెడలో రెండు నొక్కులుంటాయి, ఆ నొక్కులు కిందికుండేలా వంచి తాగాలి. గోలీ కోసం సీసా పగలగొట్టిన పిల్లల వేళ్ళకు ఊరూరా కట్లే. సరే, బొమ్మ దగ్గరికి వద్దాం.

మీ అమ్మ మాట: పెట్టె తెరిస్తే విలువ పోతుంది. సగం నిజం. సేకరించేవాళ్ళు తెరవని పెట్టెకు ఎక్కువ ఇస్తారు. కానీ 1990ల నాటి ఈ సేకరణ బొమ్మలు చాలామంది ఇలాగే దాచుకున్నారు. అందరూ దాచినదానికి అరుదు ఎక్కడిది? కొన్న ధర కూడా రానివి బోలెడు. అరుదు సంగతి తెలియాలంటే ఎన్ని చేశారన్నది చూడాలి. 2004లో మ్యాటెల్ పెట్టిన రంగుల పద్ధతిలో సిల్వర్ లేబుల్ అంటే 50,000 మించేవి కావు, గోల్డ్ అంటే 25,000, ప్లాటినం అంటే 1,000 లోపు. మీ బొమ్మ ఆ పద్ధతికి ముందుది. పెట్టె మీద కలెక్టర్ ఎడిషన్, అంటే సేకరించేవాళ్ళ కోసం చేసినది, అని ఉన్నంత మాత్రాన కొద్దిగా చేశారని కాదు.

ఇంకో సంగతి. పెట్టెలో ఉంటే పాడవదనుకుంటున్నారు మీరంతా. ఇక్కడే ఆవకాయ జాడీని తలుచుకోవాలి.

ఆవకాయ పెట్టిన మూడోనాడు జాడీ తీస్తే ఏముంటుంది? నూనె పైకి తేలి ఉంటుంది. కలిపినప్పుడు కలిసినట్టే ఉంది, నిలవుంటే విడిపోయింది. బార్బీ కాళ్ళు కూడా అంతే. మీరు వంచే మెత్తటి కాలు పీవీసీ అనే ప్లాస్టిక్కు. అది స్వతహాగా డ్రెయినేజీ గొట్టంలా గట్టిది. మెత్తబడటానికి నూనెలాంటి పదార్థం కలుపుతారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ నూనె పైకి చెమర్చి కాలు జిడ్డుగా, అంటుకునేలా అవుతుంది. ఆవకాయకి ఎండ తగిలినట్టు దీనికి వేడి తగిలితే ఇంకా తొందరగా. మొండెం గట్టి ప్లాస్టిక్కు కనక దానికి ఈ జబ్బు లేదు.

ఆవకాయలో వేసిన కొయ్య గరిటె ఎర్రబడుతుంది కదా, ఎంత కడిగినా పోదు. ఎర్ర గుడ్డ తొడిగిన బొమ్మ ఒంటికీ అదే గతి. రంగు మెల్లగా ప్లాస్టిక్కులోకి ఇంకుతుంది, పైన అంటదు, లోపలికి దిగుతుంది. అందుకే ముదురు రంగు గౌను కింద తెల్లటి పల్చని కాగితం, ఆమ్లం లేనిదని రాసి ఉన్నది, చుట్టాలి. న్యూస్ పేపరు వద్దు, సిరా దిగుతుంది.

జాడీకి వాసెన కడతాం, గాలి ఆడేలా నూలు గుడ్డతో. పాలిథిన్ కవరు కట్టం. బొమ్మకూ అంతే, కవరులో బిగిస్తే చెమర్చిన నూనె లోపలే ఉండి గౌనుకి పడుతుంది, చెమ్మ చేరితే అట్టకి బూజు. తడి చెయ్యి జాడీలో పెట్టకూడదన్నట్టే, తడి చేతో పెట్టె ముట్టకూడదు. ఆవకాయ ఏడాది తిరిగేసరికి ముక్క మెత్తబడుతుంది, బొమ్మ మాత్రం... లేదు, ఇక్కడ నా పోలిక తెగింది. ఆవకాయ తినడానికి పెడతాం. దీన్ని ఎవరూ తినరు. పోనివ్వండి.

చెప్పొచ్చేదేమిటంటే, పెట్టెలోపల ఇంకో రెండు గొడవలున్నాయి. నడుముకీ మణికట్టుకీ వేసిన ఎలాస్టిక్ బ్యాండ్లు పాతబడి కరిగినట్టయి గీతలు వదులుతాయి. చెవిపోగుల పిన్ను లోహం అయితే అందులోని రాగి ప్లాస్టిక్కుతో కలిసి చెవి చుట్టూ ఆకుపచ్చ మచ్చ పుట్టిస్తుంది, అది బుగ్గదాకా పాకుతుంది. మొటిమల క్రీము రాసి ఎండలో పెడితే మచ్చ పోతుందని కొందరు చేస్తారు. పోతుంది, దాంతో పాటు ఆ చోట ఒంటి రంగూ పోయే ప్రమాదం ఉంది. తెరవని పెట్టెలో ఈ మచ్చని చూసేవాళ్ళెవరు?

కాబట్టి నా తీర్పు: తెరవండి. కానీ చింపొద్దు.

బల్ల మీద పాత పంచె పరవండి. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. పెట్టె అడుగు వైపు టేపును బ్లేడుతో మీ అమ్మే కొయ్యాలి, పైవైపు కాదు, పైది కనపడుతుంది. లోపలి అట్టను బొమ్మతో సహా జారుగా లాగండి. వెనక్కి తిప్పితే మెలితిప్పిన తీగలు, దారపు కుట్లు కనిపిస్తాయి. తీగ మెలిక విప్పండి, దారం కత్తిరించండి. తలలో ఇంగ్లీషు టి ఆకారంలో ప్లాస్టిక్ పుల్లలుంటాయి. చాలామంది అక్కడే చెడగొడతారు, లాగేస్తారు, తలకి కన్నం పడుతుంది. అట్ట వెనక పుల్ల తలను చిన్న కత్తెరతో కత్తిరించి, మిగతాది తలలోనే ఉంచెయ్యండి. జుట్టులో కనపడదు. బ్యాండ్లు ఒక్కొక్కటీ కత్తిరించి పారెయ్యండి. చెవిపోగులు తిన్నగా, తిప్పకుండా లాగి ఓ చిన్న డబ్బాలో వెయ్యండి. రాకపోతే బలవంతం వద్దు. అట్ట, సర్టిఫికెట్టు, విప్పిన తీగలు కూడా పెట్టెలోనే దాచండి.

కాళ్ళు జిడ్డుగా ఉంటే గోరువెచ్చని నీళ్ళలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి, గుడ్డ పిండి తుడవండి. కొన్ని నెలలకు మళ్ళీ చెమరుస్తుంది, మళ్ళీ తుడవాలి. పౌడరు చల్లేవాళ్ళున్నారు, నాలుగు రోజులు బాగుండి తర్వాత ముద్ద కడుతుంది. మొహాన్ని మాత్రం పొడి కుంచెతోనే. గోళ్ళరంగు తుడిచే ద్రవం ఇంటి ఆ మూల కూడా వద్దు, కనుబొమలు ఒక్క తుడుపుకి పోతాయి.

ఇక కొలువులో. కుంకుమ బొట్టు పెట్టొద్దు బాబీ, నువ్వు పెడతావని నాకు తెలుసు. కుంకుమ, పసుపు రెండూ ప్లాస్టిక్కులోకి దిగిపోతాయి. పసుపు మచ్చ ఎండకి వెలుస్తుంది గానీ అదే ఎండకి బొమ్మ ఒళ్ళు కూడా వెలుస్తుంది. దీపానికి మూరెడు దూరం. కిటికీకి ఎదురుగా వద్దు. కొండపల్లి బొమ్మల పక్కన పెట్టండి, అవి తెల్ల పొణికి కర్రవి, తేలిక, వీటికీ వాటికీ పేచీ లేదు. కొలువు ఎత్తేశాక మీ అమ్మమ్మ అలవాటుగా కలరా ఉండలు వేస్తుంది. కర్ర బొమ్మల పెట్టెలో వేసుకోమనండి, బార్బీ పెట్టెలో వద్దు. ఆ ఉండల ఆవిరికి కొన్ని ప్లాస్టిక్కులు మెత్తబడి అతుక్కుపోతాయి. కొత్త బూట్ల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వెయ్యండి, చాలు. బట్టలు పెట్టుకునే బీరువాలో ఉంచండి. అటక మీద వేసవిలో వేడికి ఆవకాయ సంగతి మళ్ళీ మొదలవుతుంది.

ఇవన్నీ అయ్యాక ఓ పని చెయ్యండి. స్కేలు తెచ్చి బొమ్మను కొలవండి. పదకొండున్నర అంగుళాలు వస్తుంది, అంటే మన ఆరు అంగుళాలు దానికి ఒక అంగుళం. ఇప్పుడు మీ ఇంట్లో గాజు గ్లాసు కొలిచి ఆరుతో భాగించి, బొమ్మ చేతిలో గ్లాసు సరిపోయిందో లేదో చూడండి. గౌను అంచు లేసు కూడా చూడండి. గుడ్డను ఆరో వంతుకి కుదించడం ఎవరి వల్లా కాదు, దారం మందం దారానిదే. అందుకే బొమ్మ గౌన్లకి పల్చటి గుడ్డ వెతుకుతారు, లేకపోతే అట్టలా నిలబడుతుంది.

తర్వాత బొమ్మ నడుం కింద, వెనకవైపు చూడండి, అచ్చులో ఓ సంవత్సరం ఉంటుంది. 1966 అని ఉంటే కంగారు పడకండి, అత్తయ్య మిమ్మల్ని మోసం చేయలేదు. అది ఆ నడుం తిరిగే ఒంటి అచ్చుకి హక్కు తీసుకున్న ఏడాది. బొమ్మ పుట్టిన ఏడాది పెట్టె మీద ఉంటుంది.

చివరగా భూతద్దం. నేను పంపిన కిరాణా కొట్టు క్యాలెండరు మీ వంటింట్లో ఉందిగా, ముందు లక్ష్మీదేవి చీరని చూడండి. ఎరుపు చాలాచోట్ల ఒకే ఎరుపుగా ఉండదు, చుక్కలు, చుక్కలు. తర్వాత బొమ్మ పెదవిని చూడండి. అక్కడ చుక్కలున్నాయా, లేక రంగు నున్నగా పరుచుకుందా? ఇద్దరూ విడివిడిగా చూసి, ఒకరి జవాబు ఒకరికి చూపించకుండా నాకు రాయండి.

మీ
తాతయ్య