పద్యం ఎవరి నోట పలకాలి?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో శ్రీరామనవమికి పందిరి వేసినా, తిరునాళ్లు జరిగినా, రాత్రి పది దాటాక హార్మోనియం శ్రుతి వినిపించేది. ప్రార్థన ముగిసి తెర లేచాక రాయబారమో, హరిశ్చంద్రో, గయోపాఖ్యానమో తెల్లవారేదాకా సాగేది. ఇప్పుడు ఆ పందిళ్లు తగ్గాయి. వచ్చి కూర్చునేవారిలో నెరిసిన తలలే ఎక్కువ. పద్య నాటకాన్ని కొత్త తరానికి, అన్ని కులాలకు, ఆడపిల్లలకు దగ్గర చేయాలన్న మాట నాటక పోటీల వేదికల మీద వినిపిస్తూనే ఉంది. ఆ మాట వినగానే సంప్రదాయం చెడిపోతుందని కొందరు కంగారు పడతారు. ఇక్కడి నాటక చరిత్ర తెలిసినవారికి ఆ కంగారు అక్కరలేదు. తలుపు తెరవడం, సగం తెరిచి ఆపేయడం ఈ నేల మీద నూట పాతికేళ్లుగా జరుగుతున్న పనే.

మొదటి తలుపు భాష. వేదం వెంకటరాయశాస్త్రి 1897లో ‘ప్రతాపరుద్రీయం’ రాశారు. 1899లో నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజాన్ని స్థాపించి తన నాటకాలు ఆడించారు. ఆ నాటకంలో చాకలి పేరిగాడు పండితుడి తెలుగు మాట్లాడడు. రేవు దగ్గర మాట్లాడే తెలుగే మాట్లాడతాడు. దీన్నే పాత్రోచిత భాష అన్నారు. సంస్కృత నాటకాల్లో నీచ పాత్రలకు ప్రాకృతం పెట్టే సంప్రదాయాన్ని శాస్త్రిగారు తెలుగులోకి తెచ్చుకున్నారు. ఆనాటి పండితుల్లో కొందరికి ఇది మింగుడు పడలేదు. శాస్త్రిగారు వ్యావహారిక భాషావాది కూడా కారు. పుస్తకాలు గ్రాంథికంలోనే ఉండాలని గట్టిగా నిలబడిన మనిషి. అయినా రంగస్థలం మీద నిలబడ్డవాడు తన నోటితో మాట్లాడకపోతే జనం నమ్మరని ఆయనకు తెలుసు. ఆ ఎరుకకు నేను చేతులెత్తి మొక్కుతాను.

కానీ అది సగం తలుపే. శ్రమ చేసే పాత్రకు మాట దక్కింది, పద్యం దక్కలేదు. ఆ తరవాత వచ్చిన తెలుగు పద్య నాటకాలన్నీ కలిపి చూడండి. జనం నోళ్లలో నిలిచిన పద్యాలు కృష్ణుడివి, అర్జునుడివి, హరిశ్చంద్రుడివి. సేవకుడు, పల్లెవాడు, కొట్టువాడు వస్తే చాలావరకు వచనం, దానితోపాటు హాస్యం. పద్య నాటకంలో పద్యం పాడేవాడే మనిషి. అతని బాధే బాధ. ‘వన్స్ మోర్’ అని జనం అరిచేది అతని రాగానికే. అందుకే రంగస్థలాన్ని అందరిదీ చేయడం గురించి మాట్లాడేటప్పుడు నేను మొదట అడిగేది పద్యం ఎవరికి ఇచ్చారని.

పాశ్చాత్యుల ఒపెరాలోనూ ఇదే తగాదా నడిచింది. మాటకు బదులు పాటే కథను నడిపే నాటకం అది. పదహారో శతాబ్దం చివర్లో ఇటలీ ప్రభువుల భవనాల్లో పుట్టి పెరిగింది. 1637లో వెనిస్ నగరంలో టిక్కెట్టు కొన్నవారెవరైనా చూడగల ఒపెరా శాల తెరిచారు. అయినా చాలాకాలం పాడింది ఎక్కువగా దేవతలూ రాజులే. 1786లో వియన్నాలో మోజార్ట్ ‘ఫిగారో వివాహం’ ప్రదర్శించినప్పుడు ఒక సేవకుడు తన యజమానిని నిలదీస్తూ పాడాడు. సేవకుడికి గొప్ప పాట ఇవ్వడమంటే అతనికి లోపలి ప్రపంచం ఉందని ఒప్పుకోవడమే. మన పేరిగాడికి అంతటి పద్యం ఇంకా రాలేదు.

రెండో తలుపు స్త్రీ. ఈ కథ ఒంగోలు మీదుగా వెళుతుంది. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం చిన్నతనమంతా ఒంగోలులో నాటకాల చుట్టూ తిరిగింది. అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మ పూటకూళ్లు పెట్టి పిల్లల్ని సాకుతుంటే, కొడుకు ముఖానికి రంగు పూసుకుని తిరిగాడు. ఆయన గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు నాటకాల మనిషి. రాజమండ్రి వెళ్లిపోతూ ప్రకాశాన్నీ వెంట తీసుకెళ్లి చదివించారు. తాను ఆడవేషాలు కట్టిన సంగతి ప్రకాశమే ఆత్మకథలో దాచకుండా చెప్పుకున్నారు. తరవాత ఆంధ్రకేసరిగా పేరొందినవాడు చీర కట్టి రంగస్థలం ఎక్కాడంటే, ఆ రోజుల్లో అందులో వింత లేదు. ఇంటి ఆడవాళ్లు రంగస్థలం ఎక్కకూడదు. కథలో ఆడవాళ్లు లేకపోతే నాటకం నడవదు. కనుక మగపిల్లలు ఆ ఖాళీ పూడ్చారు. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు ఆ ఖాళీలోనే మహానటుడయ్యారు.

రోము నగరంలోనూ పోపుల పాలనలో ఆడవాళ్లు రంగస్థలం మీద పాడకూడదన్నారు. స్త్రీ స్వరం కోసం మగపిల్లలకు చిన్నప్పుడే శస్త్రచికిత్స చేసి గొంతు మారకుండా ఆపారు. అంత క్రూరత్వం మన దగ్గర లేదు గాని, వేళ్లు ఒకటే. మన దగ్గర ఆ కట్టు తెంచినవారిలో మొదట చెప్పవలసినది సురభి కుటుంబాలను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఆ సమాజంలో తల్లీ కూతురూ కోడలూ రంగస్థలం ఎక్కారు. చదువుకున్న కుటుంబాల స్త్రీలు నటించాలని నటుడు బళ్లారి రాఘవ పట్టుబట్టారు. కొమ్మూరి పద్మావతీదేవి వంటివారు ఆయనతో కలిసి నటించారు. అయినా చాలా ఊళ్లలో నాటకాల మనిషి అన్న మాట ఆడవాళ్ల విషయంలో నిందగానే మిగిలింది. తెల్లవార్లూ నాటకం ఆడి, ఆ ఉదయమే బస్సెక్కి ఇంటికి వెళ్లి వంట మొదలుపెట్టే నటీమణుల శ్రమను లెక్కలోకి తీసుకున్నవారు తక్కువ. ఆడపిల్లలు రావడం లేదని బాధపడే నిర్వాహకులు మొదట ఒక గది, ఒక మరుగుదొడ్డి, రాత్రి తిరిగి వెళ్లే బండి సంగతి చూడాలి. ఇవి చిన్న విషయాలని నేను అనుకోను.

మూడో తలుపు కులం. ఇక్కడ చరిత్ర నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్రీయం’ ఆడని తెలుగు ఊరు అరుదు. అందులో కాటి సీను కోసమే జనం అర్ధరాత్రి దాటాక కూడా మేలుకుని ఉండేవారు. ఆ సీనులో నటులు పాడుతూ వచ్చిన శ్మశానవాటి పద్యాలు గుర్రం జాషువావి. ‘ఇచ్చోటనే’ అని నటుడు ఎత్తుకోగానే పందిరి నిశ్శబ్దమైపోయేది. ఏ కవిని అగ్రవర్ణ సభల్లో దూరంగా కూర్చోబెట్టారో, ఆ కవి పద్యమే ఊరి నడిబొడ్డున, రాజు వేషం కట్టినవాడి నోట, అందరి చేతా కన్నీరు పెట్టించింది. విన్నవారిలో చాలామందికి అది ఎవరి పద్యమో తెలియదు. చావు దగ్గర రాజూ పేదా ఒకటేనని చెప్పే ఆ పద్యాలు పల్లెల్లోని దళిత నటులకు ప్రాణమయ్యాయి. హరిశ్చంద్ర వేషం కట్టి పేరు తెచ్చుకున్న దళిత కళాకారులు ఎందరో ఉన్నారు. అనుమతి అడగకుండానే ఈ తలుపు తెరుచుకుంది. అమెరికాలో 1883లో మొదలైన మెట్రొపాలిటన్ ఒపెరా వేదిక మీద మొదటి నల్లజాతి గాయని మేరియన్ ఆండర్సన్ ప్రధాన పాత్ర పాడేనాటికి 1955 వచ్చింది. అప్పటికి ఆమె వయసు 57. అదే వేదిక మీద నల్లజాతి స్వరకర్త రాసిన ఒపెరా మొదటిసారి ఆడింది 2021లో. పాడేవాణ్ని రానిచ్చినంత తొందరగా రాసేవాణ్ని రానివ్వరు. జాషువా పద్యం వచ్చినా ఆయన పేరు కరపత్రం మీదికి రాకపోవడం అలాంటిదే.

1943లో వచ్చిన ప్రజానాట్యమండలి ఈ తలుపుల దగ్గర ఆగకుండా దారే మార్చింది. రైతు, కూలి కథల్ని బుర్రకథలోకి, వీధి నాటకంలోకి తెచ్చింది. ఒక లోటు మాత్రం జరిగింది. కొత్త కథలన్నీ కొత్త రూపాల్లోకి వెళ్లిపోవడంతో పద్యం పురాణాలకే మిగిలిపోయింది.

ఆ తరవాత కంట్రాక్టు నాటకాలు బలపడ్డాయి. పేరున్న నటుల్ని ఒక్కో ఊరి నుంచి పిలిపించి, రిహార్సల్ లేకుండా ఒక్క రాత్రికి కలిపి ఆడించే పద్ధతి అది. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు కనిపించేవారు. గొంతులు గొప్పవే. కానీ కథ వెనక్కి పోయి రాగం ముందుకొచ్చింది. పోటీ పెరిగిన కొద్దీ హాస్యం ముతకబారింది. కాళ్లకూరి నారాయణరావు వేశ్యావృత్తికి విరుద్ధంగా రాసిన ‘చింతామణి’కి జరిగింది ఇదే. సంస్కరణ కోసం పుట్టిన నాటకంలో వైశ్యుడైన సుబ్బిశెట్టి పాత్ర పెరిగి పెరిగి బూతుల పుట్టగా మారింది. తమ కులాన్ని కించపరుస్తున్నారని ఆర్యవైశ్యులు నొచ్చుకున్నారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. దాని మీదే బతికే కళాకారులు ఉపాధి పోయిందని రోడ్డెక్కారు, కోర్టుకు వెళ్లారు. నొచ్చుకున్నవారి బాధ నిజం. నటుల ఆకలీ నిజం. మెట్రొపాలిటన్ ఒపెరా 2015లో నల్లజాతి సేనాని ‘ఒటెల్లో’ పాత్రధారి ముఖానికి నల్లరంగు పూయడం మానేసింది, ఒటెల్లోను మాత్రం మానలేదు. కాళ్లకూరి మూల పాఠానికి తిరిగి వెళ్లి, తరవాత చేరిన చెత్త తీసేసి ఆడించే పని ఇక్కడి సమాజాలు ఎప్పుడో చేసి ఉండవలసింది.

పద్యం అర్థం కాక పిల్లలు రావడం లేదన్నది మరో ఫిర్యాదు. ఇందులో నిజం ఉంది. కానీ పద్యాన్ని నీళ్లు కలిపి పలుచన చేయనక్కరలేదు. పరాయి భాషలో పాడే ఒపెరాకూ ఈ ఇబ్బందే ఉండేది. 1983లో కెనడాలోని టొరంటోలో వేదిక పైభాగాన పాటకు అర్థం అక్షరాల్లో చూపడం మొదలుపెట్టారు. చూపు చెదురుతుందని పెద్దలు కోప్పడ్డారు. ఇప్పుడు అది లేని పెద్ద ఒపెరా శాలలు తక్కువ. నెల్లూరు టౌన్ హాల్లో ఒక ప్రొజెక్టరు, ఒక తెల్లగుడ్డ ఉంటే ఈ పని రేపే చేయవచ్చు. రాయబారం కథను తెలుగులో మొదట చెప్పిన తిక్కన ఈ పెన్న ఒడ్డువాడే. ఎర్రన అద్దంకి రెడ్డి రాజుల కొలువులో రాసినవాడు. వాళ్లిద్దరి జిల్లాల్లో పుట్టిన పిల్లకు ఉద్యోగపర్వపు గొడవ తెలుగు అక్షరాల్లో విప్పి చూపిస్తే అందకుండా పోదు.

ఇక కథల సంగతి. బర్మింగ్‌హామ్‌లో 1987లో గ్రాహం విక్ మొదలుపెట్టిన ఒపెరా సంస్థ పాడుబడ్డ ఫ్యాక్టరీల్లో ఆడింది, ఊరివాళ్లనే బృందగానంలో నిలబెట్టింది. మన దగ్గర అలాంటి చోట్లకూ గొంతులకూ కొదవలేదు. చీమకుర్తి గ్రానైటు క్వారీలున్నాయి. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన కనిగిరి ప్రాంతపు పల్లెలున్నాయి. కొత్తపట్నం పల్లెకారుల వలలున్నాయి. నెల్లూరు తీరంలో యానాదులున్నారు. వాళ్లకు సొంత భాగవతం ఆట ఉంది. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు అడవీ మడుగులూ వదిలి వచ్చిన కుటుంబాలు వాళ్లవి. ఆ దీవి నుంచి లేచే రాకెట్ గురించి దేశమంతా చప్పట్లు కొడుతుంది. అక్కడి నుంచి కదిలిన తల్లి వెనక్కి తిరిగి చూసిన క్షణానికి ఒక సీసపద్యం కావాలి. దాన్ని యానాది ఇంట పుట్టిన కవే రాయాలి, యానాది ఇంటి గొంతే మోహన రాగంలో ఎత్తుకోవాలి, హార్మోనియం మాస్టారు ఆ గొంతుకు తగ్గట్టు శ్రుతి సరిచేసుకోవాలి.