బోటు ఇంజన్ అలారం మోగుతోంది, గేజీలు మాత్రం బాగానే ఉన్నాయి: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో లానియర్, టెక్సోమా లాంటి సరస్సుల మీద షికారుకి వాడే పాత బోట్లలో మెర్‌క్రూజర్ వీ8 పెట్రోల్ ఇంజన్, దాని వెనక ఆల్ఫా డ్రైవ్ (నీళ్లలో ఉండి ప్రొపెల్లర్‌ను తిప్పే గేర్ల భాగం) తరచుగా కనిపిస్తాయి. అలాంటి బోటు సెకండ్ హ్యాండ్‌లో కొన్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. ఇక్కడి వైరింగ్, కొలతలు కార్బురేటర్ ఉన్న 5.0, 5.7 లీటర్ల ఇంజన్లవి.

ముందు వైరింగ్ సంగతి. తాళం తిప్పగానే హారన్‌కి 12 వోల్టులు అందుతాయి. దాని రెండో కొస నుంచి లేత గోధుమరంగు మీద నీలం చార ఉన్న వైరు ఇంజన్ దాకా వెళ్లి మూడు స్విచ్‌లను కలుపుకుంటుంది. అవి ఆయిల్ ప్రెషర్ స్విచ్, నీటి వేడి స్విచ్, డ్రైవ్ గేర్ ఆయిల్ సీసాలోని ఫ్లోట్ స్విచ్. మూడింట్లో ఏది ఆ వైరును ఎర్త్ చేసినా ఒకటే మోత. అందుకే కారణం చెవికి తెలియదు, వెతికి పట్టుకోవాలి.

అపోహ: టెంపరేచర్ గేజీ, ఆయిల్ గేజీ మామూలుగానే ఉన్నాయి కాబట్టి అలారమే తప్పు.

గేజీలకు కొలత పంపే సెండర్లు వేరు, అలారం స్విచ్‌లు వేరు. వాటి వైర్లు కూడా వేరే. టెంపరేచర్ గేజీది ఒట్టి లేత గోధుమరంగు, ఆయిల్ గేజీది లేత నీలం. గేర్ ఆయిల్ సీసాకైతే చాలా బోట్లలో గేజీయే ఉండదు. అందువల్ల ముళ్లు రెండూ సరైన చోటే ఉండి హారన్ మోగడంలో వింతేమీ లేదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఇంజన్‌లో నీళ్లు పూర్తిగా తగ్గిపోతే సెండర్ కొన చుట్టూ నీరు ఉండదు, అప్పుడు ముల్లు నిజమైన వేడి కంటే తక్కువ చూపించవచ్చు. గేజీ ఒక్కదాన్నే నమ్మి ఫుల్ థ్రాటిల్ మీద ఒడ్డుకు పరుగు తీయకండి.

అపోహ: ఆ వైరు పీకేసి ఇంటికి చేరుకోవచ్చు, తర్వాత చూసుకోవచ్చు.

ఈ పని ఎవరూ చేయొద్దు. ఈ ఇంజన్లలో ఎగ్జాస్ట్ రబ్బరు గొట్టాలను చల్లబరిచేది సరస్సు నీళ్లే. ఆ నీళ్లు ఆగితే నిమిషాల్లోనే గొట్టాలూ లోపలి రబ్బరు షట్టర్లూ కాలిపోతాయి. గొట్టం చిల్లిపడితే విషవాయువు బోటులోకి వస్తుంది, నీళ్లు కూడా రావచ్చు.

అలారం మోగగానే థ్రాటిల్ న్యూట్రల్‌కి తెచ్చి ముళ్లు ఒకసారి చూసి ఇంజన్ ఆపండి. గాలికి బోటు కొట్టుకుపోతుంటే లంగరు వేయండి. ఇంజన్ మూత ఎత్తి పెట్రోల్ వాసన ఉందేమో చూడండి. మళ్లీ స్టార్ట్ చేసే ముందు బ్లోయర్ (పెట్రోల్ ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్) కనీసం 4 నిమిషాలు తిరగాలి.

అపోహ: స్టార్ట్ చేయకముందే మోగుతోందంటే ఏదో స్విచ్ పోయినట్టే.

ఈ కార్బురేటర్ ఇంజన్లలో అలా మోగాలి. ఇంజన్ తిరగనప్పుడు ఆయిల్ ప్రెషర్ ఉండదు, ఆ స్విచ్ మూసుకునే ఉంటుంది. స్టార్టయిన కొద్ది క్షణాల్లో మోత ఆగితే అంతా సవ్యం. తాళం తిప్పినా మోగకపోతే అప్పుడు కంగారు పడాలి. హారన్, ఫ్యూజు, వైరు, స్విచ్ వీటిలో ఏదో చచ్చిపోయింది, ఇంజన్‌కి కాపలా లేదు. పాత బోటు కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే.

ఇంజన్ నడపకుండానే లోపం ఎటువైపు ఉందో పట్టుకునే పద్ధతి కూడా దీని మీదే ఆధారపడి ఉంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక తాళం ఆన్‌లో పెట్టండి, హారన్ మోగుతుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్ వైరు ఊడదీయండి, మోత ఆగాలి. ఆగకపోతే గేర్ ఆయిల్ సీసా వైరు, అప్పటికీ ఆగకపోతే నీటి వేడి స్విచ్ వైరు తీయండి. ఈ రెండింట్లో ఏది తీసినప్పుడు ఆగిందో లోపం అక్కడుంది. మూడూ తీసినా మోగుతుంటే వైరు ఎక్కడో ఒరుసుకుని ఇంజన్ లోహానికి తగులుతోంది. బ్రాకెట్ల అంచులు, ఇంజన్ వెనక పెద్ద ప్లగ్ చూడండి. మొదటి వైరుతోనే మోత ఆగితే, లోపం ఇంజన్ నడిచేటప్పుడు లేదా వేడెక్కాక మాత్రమే బయటపడుతోందన్నమాట. అదీ కాకపోతే ఆయిల్ వైపే చూడాలి.

మల్టీమీటరు ఉంటే తాళం ఆఫ్‌లో పెట్టి, వైరు ఊడదీసి, స్విచ్ టెర్మినల్‌కీ ఇంజన్ బ్లాకుకీ మధ్య ఓంలు చూడండి. ఆయిల్ స్విచ్ సున్నా దగ్గర చూపాలి, చల్లారిన నీటి వేడి స్విచ్ ఓపెన్‌గా ఉండాలి.

అపోహ: అలారం అంటే ఓవర్‌హీటే.

వెతికితే చాలాసార్లు దొరికేది గేర్ ఆయిల్ సీసా. మట్టం కాస్త తగ్గినా ఫ్లోట్ కిందికి దిగి మోగిస్తుంది. మలుపు గట్టిగా తిప్పినప్పుడో, అలల మీద ఎగిరినప్పుడో మాత్రమే కూసి ఆగుతోందంటే ముందు ఈ సీసా చూడండి, తర్వాత ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్కు. ఆయిల్ తక్కువైతే మలుపులో అది ఒక పక్కకి ఒరిగి పంపు గాలి పీలుస్తుంది.

సీసాలో ఆయిల్ పోసి మరిచిపోవడం తప్పు. నింపడానికి 59 మిల్లీలీటర్లకు మించి పట్టిందంటే ఎక్కడో సీలు కారుతోందని అనుమానించమని తయారీదారు మాన్యువలే చెబుతుంది. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే డ్రైవ్‌లోకి నీళ్లు చేరాయి. ప్రొపెల్లర్ తీసి చూస్తే షాఫ్టుకి చేపల గాలం దారం చుట్టుకుని సీలును కోసి ఉండటం మామూలే. అలాంటి డ్రైవ్‌ను నడిపితే గేర్లు, బేరింగులు పోతాయి.

నిజంగా ఓవర్‌హీటే అయితే ముందు డ్రైవ్ పైకెత్తి నీళ్లు పీల్చే రంధ్రాలు చూడండి. ప్లాస్టిక్ సంచి, నాచు, గుర్రపుడెక్క వేళ్లు అడ్డుపడతాయి. గుర్రపుడెక్క టెక్సాస్ సరస్సుల్లోనూ ఉంది, మన గోదావరి కాలువల్లోనూ ఉంది. అక్కడ ఏమీ లేకపోతే తర్వాత ఇంపెల్లర్, అంటే నీళ్ల పంపులోని రబ్బరు రెక్కల చక్రం. ఆల్ఫాలో అది డ్రైవ్ లోపలే ఉంటుంది కాబట్టి కింది భాగం విప్పాలి. బ్రావో అనే ఇంకో రకం డ్రైవ్ ఉన్న బోట్లలో పంపు ఇంజన్ మీదే ఉంటుంది. రెక్క విరిగి ఉంటే కొత్తది వేసి ఊరుకోవద్దు. విరిగిన ముక్కలు నీటి దారిలో ముందుకు వెళ్లి కూలర్‌లోనో థర్మోస్టాట్ దగ్గరో ఇరుక్కుంటాయి. అన్ని ముక్కలూ లెక్కకు వచ్చేదాకా వెతకాలి, లేకపోతే వారం తిరక్కుండా అదే అలారం.

అపోహ: కొత్త స్విచ్ వేస్తే సరి.

మార్చే ముందు పరీక్షించండి. నీటి వేడి స్విచ్‌ను మీటరు తగిలించి, నీళ్ల గిన్నెలో థర్మామీటరుతో పాటు వేలాడదీసి పొయ్యి మీద పెట్టండి. సాధారణంగా 190–200 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే సుమారు 88–93 సెల్సియస్‌లో అది మూసుకోవాలి. 140 ఫారెన్‌హీట్ దగ్గరే మూసుకుంటే స్విచ్ చెడింది.

ఆయిల్ స్విచ్ మీద అనుమానమైతే దాన్ని విప్పి ఆ చోట మెకానికల్ గేజీ బిగించండి. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో కనీసం 4 పీఎస్ఐ, 2000 ఆర్పీఎం దగ్గర 30–70 పీఎస్ఐ ఉండాలి. ఉంటే స్విచ్‌దే తప్పు. లేకపోతే హారన్ నిజమే చెబుతోంది, ఇంజన్ నడపకండి.

కొత్తది బిగించేటప్పుడు మరలకి టెఫ్లాన్ టేపు వరసలు వరసలుగా చుట్టొద్దు. ఒకే టెర్మినల్ ఉన్న స్విచ్‌కి ఎర్త్ ఆ మరల ద్వారానే అందాలి. టేపు ఎక్కువైతే ఎర్త్ తెగి, ఆ స్విచ్ అలారాన్ని ఇక మోగించలేదు. బిగించాక స్విచ్ ఒంటికీ బ్లాకుకీ మధ్య సున్నా ఓంలు ఉందో లేదో చూడండి.

అపోహ: అన్ని ఇంజన్లకూ ఇదే పద్ధతి.

కంప్యూటరున్న ఇంజెక్షన్ ఇంజన్లలో హారన్‌ను మోగించేది ఈసీఎం అనే ఆ కంప్యూటరే. స్విచ్‌లు పీకుతూ పోతే కొత్త లోపాల కోడ్‌లు చేరతాయి. మోత ఎన్నిసార్లు, ఎంత విరామంతో వస్తోందో ఫోన్‌లో రికార్డు చేసి మాన్యువల్‌తో పోల్చండి, స్కానర్ పెట్టించండి. ఒకేసారి నాలుగైదు సెన్సార్ల కోడ్‌లు వచ్చాయని అన్నీ కొనకండి. వాటికి 5 వోల్టుల సరఫరా ఉమ్మడి కాబట్టి ఒక్కటి షార్టయితే మిగతావీ తప్పుగా కనిపిస్తాయి. బ్యాటరీ టెర్మినళ్లు వదులైనా ఇలాంటి గోలే.

ఆయిల్ ఇంజెక్షన్ ఉన్న మెర్క్యురీ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డుల్లో (బోటు వెనక బయట తగిలించే ఇంజన్లు) బోటులోని పెద్ద ట్యాంకు నిండుగా ఉన్నా ఆయిల్ అలారం మోగుతుంటుంది. ఆ ట్యాంకు నుంచి ఇంజన్ మీది చిన్న ట్యాంకుకి ఆయిల్‌ను తోసేది క్రాంక్‌కేస్ నుంచి వచ్చే గాలి ఒత్తిడి. పెద్ద ట్యాంకు మూత వదులైనా, దాని రబ్బరు రింగు ఎండిపోయినా గాలి బయటికి పోతుంది, చిన్న ట్యాంకు ఖాళీ అవుతూ వస్తుంది. రింగు మార్చి, మూత గట్టిగా బిగించి, చిన్న ట్యాంకు నింపి నడపండి. మట్టం మళ్లీ తగ్గితే గాలి గొట్టం ఆ కొస నుంచి ఈ కొస దాకా పగుళ్ల కోసం చూడండి.