డాన్ బాస్కో ఐటిఐల వెనక ఒక స్టాంపు కాగితం కథ

పోయిన వారం చెన్నై కొరుక్కుపేటలో మా పక్కింటి పిన్ని కొడుకు వాట్సాప్‌లో ఒక కాగితం ఫోటో పెట్టాడు. వాడు డాన్ బాస్కో ఫాదర్‌ల ఐటిఐలో ఫిట్టర్ చేశాడు, ఇప్పుడు శ్రీపెరంబుదూర్ అవతల ఏదో కంపెనీలో తీసుకున్నారు. కాగితంలో ట్రైనీ అని ఉంది, నెలకి ఇంత అని ఉంది, ఎప్పుడైనా తీసేయొచ్చు అని ఉంది, ఏం నేర్పిస్తారో మాత్రం ఒక్క లైను లేదు. "అన్నా, ఇది అప్రెంటిసా ఉత్త ట్రైనీనా, రెండూ ఒకటేనా" అని కింద మెసేజ్. రెండూ ఒకటి కాదురా అని టైప్ చేశాను గానీ ఎందుకు కాదో చెప్పడానికి నాకే సరిగ్గా తెలీలేదు, కూర్చుని చదవడం మొదలుపెడితే అది ఎక్కడికో వెళ్ళి 1852లో ఇటలీలో తేలింది. ఈ ఫాదర్‌ల టెక్నికల్ స్కూళ్ళు మొదలైందే ఇలాంటి ఒక కాగితంతో అట. షెడ్లు, మిషన్లు అన్నీ తర్వాత వచ్చినవే.

ముందు పేరు సంగతి. డాన్ అంటే మన సినిమా డాన్ కాదు, ఇటలీలో ఫాదర్‌ని పిలిచే మర్యాద పిలుపు అది. అసలు పేరు జియోవన్నీ బోస్కో, 1815లో టొరినో నగరానికి దగ్గర్లో బెక్కి అనే పల్లెలో పుట్టాడు. రెండేళ్ళు నిండకుండానే తండ్రి పోయాడు, తల్లి మార్గరీటా పెంచింది. చదువుకోడానికి కియెరి అనే ఊరు వెళ్ళినప్పుడు ఖర్చులకి లేక టైలర్ దగ్గర, కమ్మరి దగ్గర, హోటల్లో ఎక్కడ పని దొరికితే అక్కడ చేశాడు. గారడీ కూడా వచ్చు, తాడు మీద నడిచేవాడు. 1841లో ఫాదర్ అయ్యాడు.

అప్పటి టొరినో ఎలా ఉండేదో ఊహించుకోడానికి మనకి పెద్ద కష్టం లేదు. వ్యాసర్‌పాడి, పులియంతోపు సందుల్లో ఒకప్పుడు నెల్లూరు నుంచి, ఒంగోలు నుంచి మనవాళ్ళు వచ్చి పడ్డట్టే, కొండ పల్లెల నుంచి పదేళ్ళ పన్నెండేళ్ళ పిల్లలు పని కోసం ఊళ్ళోకి వచ్చి పడేవాళ్ళు, తాపీ పని, పొగగొట్టాలు తుడిచే పని, ఏది దొరికితే అది. 1841 డిసెంబర్ 8న గుడిలో పూజకి సిద్ధమవుతుంటే బార్తొలోమియో గారెల్లి అనే పదహారేళ్ళ తాపీ కుర్రాణ్ణి గుడి పనివాడు కొట్టి తరిమేస్తున్నాడట, ఈయన వెనక్కి పిలిపించి కూర్చోబెట్టి మాట్లాడాడు. తర్వాత ఆయన పెట్టిన సలేషియన్ సభ వాళ్ళు ఎక్కడున్నా ఈ తేదీనే తమ మొదలు అని చెప్పుకుంటారు. అప్పట్లోనే ఈయన జైళ్ళకి కూడా వెళ్ళేవాడు, లోపలున్న కుర్రాళ్ళని చూసి బయటే ఎవరో ఒకరు పట్టించుకుని ఉంటే వీళ్ళు ఇక్కడిదాకా వచ్చేవాళ్ళు కాదు కదా అనుకున్నాడు. 1846లో వల్‌దొక్కో అనే పేటలో పినార్ది అనే ఆయన షెడ్డు అద్దెకి తీసుకున్నాక పిల్లలకి ఒక చోటంటూ దొరికింది.

ఇక్కడ ఎవరూ పెద్దగా చెప్పని ముక్క ఒకటుంది. 1844లో టొరినో ఉన్న ఆ రాజ్యంలో పాత వృత్తి సంఘాలని రద్దు చేశారు. అంతకుముందు ఎన్ని లోపాలున్నా పని నేర్చుకునే కుర్రాడికి ఎన్నేళ్ళు, ఎవరి దగ్గర, ఎలా అని ఒక కట్టుబాటు ఉండేది. అది పోయాక మేస్త్రి ఎంత చెప్తే అంత, కుర్రాడి తరఫున అడిగే దిక్కు లేదు. బోస్కో పూనుకున్నది సరిగ్గా ఆ ఖాళీలోకే. వారం మధ్యలో పిల్లలు పని చేసే చోటికి స్వయంగా వెళ్ళేవాడు, మేస్త్రీలతో మాట్లాడేవాడు, చివరికి మాటలతో లాభం లేదని కాగితం రాయించడం మొదలుపెట్టాడు.

వాటిలో బాగా తెలిసింది 1852 ఫిబ్రవరి 8 నాటిది. స్టాంపు కాగితం మీద జుసెప్పే బెర్తొలినో అనే వడ్రంగి మేస్త్రికి, జుసెప్పే ఒదాస్సో అనే కుర్రాడికి మధ్య ఒప్పందం, కుర్రాడి తండ్రి, డాన్ బోస్కో కూడా అందులో ఉన్నారు. రెండేళ్ళ గడువు. మేస్త్రి వడ్రంగం పూర్తిగా నేర్పాలి, తప్పు చేస్తే నోటితో చెప్పాలి గానీ చెయ్యి చేసుకోకూడదు, ఆ వృత్తికి సంబంధం లేని చాకిరీ చేయించకూడదు, పండగ రోజుల్లో పనికి పిలవకూడదు, కూలి ఇవ్వాలి. కుర్రాడు బుద్ధిగా, మాట విని పని చేయాలి. ఒకవైపే కట్టేసిన కాగితం కాదు, ఇద్దరినీ కట్టింది.

ఆ "సంబంధం లేని చాకిరీ" అన్న లైను దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. మా మావయ్య మింట్ స్ట్రీట్ వైపు ఒక తెలుగు ప్రెస్‌లో కంపోజిటర్‌గా, అంటే సీసం అక్షరాలు పేర్చే పని, చేశాడు, ఆ ప్రెస్ ఇప్పుడు లేదు. పన్నెండో ఏట తీసుకెళ్ళి పడేశారు. రెండేళ్ళు ఊడ్చడం, టీ తేవడం, ముతలాలి (ఓనర్) ఇంట్లో కూరలు తెచ్చివ్వడం, కేసు మీద, అంటే అక్షరాలు ఉంచే గడుల పెట్టె మీద, చెయ్యి వేయనిచ్చిందే లేదు. దొంగతనంగా చూసి నేర్చుకున్నాడు, ఏ గడిలో ఏ అక్షరం, ఒత్తులు ఎక్కడ, గుణింతాలు ఎక్కడ అని. తెలుగు కేసు అంటే ఇంగ్లీషులాగా ఇరవయ్యారు అక్షరాలు కాదు కదా, ఒక గోడంత. తర్వాత ఆయన అక్షరాలు పేర్చే స్టిక్ పట్టుకుంటే అద్దంలో చూసినట్టు తిరగబడ్డ అక్షరాలని మనం పేపర్ చదివినంత ఫాస్ట్‌గా చదివేవాడు. నేర్పింది మాత్రం ఎవరూ లేరు. ఆయన చేతిలో కాగితం అంటూ ఏదీ లేదు.

మళ్ళీ టొరినోకి. ఒప్పందాలు రాయించినా బయటి షాపుల్లో పిల్లల పరిస్థితి నమ్మకంగా లేదని, పైగా తన దగ్గరున్న పిల్లలకి బట్టలు చెప్పులు కూడా కావాలని, 1853లో ఇంట్లోనే చెప్పులు కుట్టే పని, టైలరింగ్ మొదలుపెట్టాడు. మొదట్లో తనే బల్ల ముందు కూర్చుని సుత్తితో అట్ట కొట్టి చూపించాడని చెప్తారు. 1854లో బైండింగ్, 1856లో వడ్రంగం, 1861 ఆఖర్లో ప్రెస్‌కి లైసెన్సు వచ్చింది, 1862లో ఇనుప పని. ఆర్డర్ చూడండి, ఇంటి అవసరం నుంచి మార్కెట్ అవసరం వైపు జరిగింది. ప్రెస్ అయితే ఆయన సొంత పుస్తకాలు, పత్రికలు వేసుకోడానికి కూడా పనికొచ్చింది, అంటే పిల్లలు నేర్చుకుంటూనే సంస్థకి పని చేసిపెట్టారు, దీన్ని శిక్షణ అనాలా చాకిరీ అనాలా అని ఎవరైనా అడిగితే కోపం తెచ్చుకోవాల్సిన పని లేదు, అడగదగ్గ ప్రశ్నే.

1859 డిసెంబర్ 18న పద్దెనిమిది మందితో సభ, అంటే సన్యాసుల సంఘం, పెట్టాడు. సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరు మీద కాబట్టి సలేషియన్లు. 1872లో మరియా మజ్జరెల్లోతో కలిసి ఆడపిల్లల కోసం సిస్టర్ల సభ. ఈ సభలో నాకు ఆసక్తిగా అనిపించింది బ్రదర్లు. ఫాదర్ అయ్యే దారిలో ఉన్న బ్రదర్లు వేరే, వీళ్ళు జీవితాంతం బ్రదర్లే, పూజ చేయరు, లేత్ దగ్గరో కంపోజింగ్ దగ్గరో నిలబడి పని నేర్పుతారు. సన్యాసి చేతికి గ్రీజు అంటడం ఏంటి అనుకునేవాళ్ళకి అదో వింత. నార్త్ చెన్నైలో పాతవాళ్ళని అడిగితే ఫాదర్ల పేర్లు మర్చిపోతారు గానీ వర్క్‌షాప్‌లో దెబ్బలాడిన బ్రదర్‌ని మాత్రం మర్చిపోరు.

అయితే వల్‌దొక్కోలోనే ఒక గీత కూడా పడింది. లాటిన్ చదివే స్టూడెంట్లు ఒక వైపు, పని నేర్చుకునేవాళ్ళు ఇంకో వైపు, ఆటస్థలాలు కూడా వేరు. పని పిల్లలు వెనకబడుతున్నారనే చర్చ సభ లోపలే నడిచి 1886 మహాసభలో వాళ్ళకి చేతిపనితో పాటు చదువు కూడా ఉండాలని రాసుకున్నారు. ఆ గీత ఓడెక్కి మన దాకా వచ్చింది. చెన్నైలో డాన్ బాస్కో అనగానే ఎగ్మూర్ మెట్రిక్ స్కూల్, అడ్మిషన్ కోసం తల్లిదండ్రుల తిప్పలు, అదే గుర్తొస్తుంది, బేసిన్ బ్రిడ్జి దగ్గర సెయింట్ జోసెఫ్ పేరుతో వాళ్ళదే టెక్నికల్ స్కూల్ ఉందని చాలామందికి తెలీదు. సభ మొదలైంది మాత్రం బేసిన్ బ్రిడ్జి పిల్లల్లాంటి వాళ్ళ కోసం.

ఇండియాకి ఎలా వచ్చారంటే, మైలాపూర్ బిషప్ పిలిస్తే ఫాదర్ జార్జ్ తొమాతిస్ నాయకత్వంలో ఆరుగురు 1906 జనవరిలో తంజావూరు దిగారు. అప్పటికి మైలాపూర్ పోర్చుగీసు వాళ్ళ అజమాయిషీలో ఉంది, మద్రాసు ఆర్చ్‌డయోసిస్, అంటే ఆర్చ్‌బిషప్ కింద ఉండే చర్చి ప్రాంతం, వేరు, రెండూ కలిసింది 1952లో. తంజావూరులో అనాథ పిల్లల ఆశ్రమం, పక్కన చేతిపనులు, ఆ తర్వాత 1909కి మైలాపూర్. 1922లో ఇంకో గుంపు ఫాదర్ లూయిస్ మథయాస్‌తో షిల్లాంగ్ వెళ్ళింది, మొదటి యుద్ధంలో జర్మన్ మిషనరీలని బ్రిటిష్ వాళ్ళు పంపించేశాక ఖాళీ అయిన చోటు అది. అక్కడ టెక్నికల్ స్కూల్ నిలదొక్కుకుంది. 1928లో సలేషియన్ అయిన మెదర్లే మద్రాసు ఆర్చ్‌బిషప్ అయ్యాడు, నెల్లూరు డయోసిస్ మద్రాసు నుంచి విడిపోయింది కూడా ఆ ఏడాదే, కాబట్టి ఆ కథలో మనవాళ్ళు మొదటినుంచీ ఉన్నారు. 1935లో షిల్లాంగ్ నుంచి మథయాస్ వచ్చి ఆ సీట్లో 1965 వరకు ఉన్నాడు. మధ్యలో రెండో యుద్ధం, ఇటలీ శత్రుదేశం అయిపోయింది కాబట్టి ఇటాలియన్ ఫాదర్లు బ్రదర్లు చాలామందిని క్యాంపుల్లో పెట్టారు.

స్వాతంత్ర్యం తర్వాత లెక్క మారింది. 1950లో ప్రభుత్వం క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ పెట్టింది, ఐటిఐ అనేది అందులోంచి వచ్చింది, 1956లో సర్టిఫికెట్ కోసం ఎన్‌సివిటి అనే జాతీయ మండలి. పెరంబూరులో 1955లో కోచ్ ఫ్యాక్టరీ మొదలైంది, పక్కనే బిన్నీ మిల్లు, రైల్వే షెడ్లు, ఫిట్టర్ టర్నర్ వెల్డర్ అంటే పెళ్ళి సంబంధాలు వచ్చే రోజులు. ఫాదర్ల స్కూళ్ళు కూడా ఆ సిలబస్‌లోకి, ఆ పరీక్షలోకి వచ్చాయి. ప్రైవేటు వాటిని అప్పట్లో ఐటిసి అనేవాళ్ళు. సర్టిఫికెట్‌కి విలువ వచ్చింది, అందులో సందేహం లేదు, కానీ స్కూల్ పని సర్టిఫికెట్ దగ్గర ఆగిపోయింది, ఆ తర్వాత కుర్రాడు ఏ మేస్త్రి చేతిలో పడ్డాడో ఎవరు చూడాలి అనేది ఎవరి సిలబస్‌లోనూ లేదు.

పక్కింటివాడు ఐటిఐలో మొదటి నెల చేసిన జాబ్ (ప్రాక్టీసు ముక్క) ఇప్పటికీ వాళ్ళ టీవీ మీద పేపర్‌వెయిట్‌లా ఉంది. అరచేతిలో పట్టే ఇనుప ముక్క, బెంచ్ వైస్‌లో బిగించి ఆకురాయితో రుద్ది రుద్ది పలకలు తీయాలి. ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆనించి ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి చూడాలి, సందులోంచి సన్నగా వెలుతురు కనపడిందా, మళ్ళీ మొదటికే. పదిహేను రోజులు బొబ్బలు, పిన్ని వాడి చేతులకి కొబ్బరినూనె రాసేది. సార్ మిషన్ దగ్గరికి పోనివ్వట్లేదని వాడు ఏడ్చాడు, చెయ్యి నిలబడకుండా మిషన్ ఎందుకురా అని సార్ అన్నాడట. చూస్తే చిన్న విషయమే గానీ చాకిరీకి, నేర్పడానికి తేడా అక్కడే తెలుస్తుంది. మా మావయ్య ఊడ్చిన రెండేళ్ళూ వీడు రుద్దిన పదిహేను రోజులూ బయటికి ఒకేలా కనిపిస్తాయి.

ప్రింటింగ్ ఇంకో కథ. కీల్పాక్‌లో సలేషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్రాఫిక్ ఆర్ట్స్ ఉంది, సిగా అంటే ప్రెస్ లైన్‌లో ఉన్నవాళ్ళు వెంటనే పోల్చుకుంటారు. వల్‌దొక్కో ప్రెస్‌కి ఇది మనవరాలి వరస. మద్రాసు అంటే ఒకప్పుడు తెలుగు అచ్చుకి రాజధాని, 1947 నుంచి చందమామ ఇక్కడే అచ్చయింది, కాబట్టి ఆ పనికి మనుషులు ఎప్పుడూ కావాలి. లెటర్‌ప్రెస్ పోయి ఆఫ్‌సెట్ వచ్చింది, సీసం అక్షరాలు పోయి డిటిపి, అంటే కంప్యూటర్‌లో కంపోజింగ్, వచ్చింది, కోర్సులు మారుతూ వచ్చాయి. మా మావయ్య మాత్రం మారలేదు, నలభై దాటాక మౌస్ పట్టుకోమంటే చెయ్యి వణికింది.

1992లో సలేషియన్లకి హైదరాబాద్ ప్రావిన్స్ (సభ పాలనా విభాగం) వేరే అయ్యాక తెలుగు జిల్లాల పని అటు పోయింది. 2006 నుంచి డాన్ బాస్కో టెక్ పేరుతో కొన్ని నెలల కోర్సులు, రిటైల్, బిపిఓ, డేటా ఎంట్రీ, నర్సింగ్ అసిస్టెంట్, ఇలాంటివి. ప్రభుత్వ స్కిల్ డబ్బు కూడా అందులోకి వచ్చింది. రెండేళ్ళ ఫిట్టర్‌కి ఓపిక లేని ఇళ్ళకి, నెలాఖరు అద్దె ఆగని ఇళ్ళకి ఇది పనికొచ్చింది, కాదనను. కానీ స్కిల్ స్కీముల్లో లెక్కంతా ఎంతమందికి ప్లేస్‌మెంట్ అన్నదాని మీదే నడుస్తుంది, చేరాక ఆరు నెలలకి ఏమయ్యాడు అన్నది నా లెక్కలో అసలు ప్రశ్న.

ఇక వాడి కాగితానికి వద్దాం. మనకి 1961 నుంచి అప్రెంటిసెస్ యాక్ట్ ఉంది. దాని కింద చేరితే కాంట్రాక్టు రాయాలి, అది రిజిస్టర్ కావాలి, ఏ ట్రేడు, ఎన్నాళ్ళు అని ఉండాలి, కనీస స్టైపెండ్ ఉంది, శిక్షణ ఇవ్వడం కంపెనీ బాధ్యత. 2014లో సవరించారు, 2016లో స్టైపెండ్‌లో కొంత ప్రభుత్వం భరించే స్కీమ్ వచ్చింది. లోపాలూ ఉన్నాయి, అప్రెంటిస్‌ని చట్టం వర్కర్‌గా చూడదు, ట్రెయినింగ్ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని కూడా లేదు. అయినా బెర్తొలినో కాగితంలో ఉన్న ఎముకలు ఇందులో ఉన్నాయి, గడువు, వృత్తి, నేర్పే బాధ్యత. ఉత్త ట్రైనీ అని రాసిచ్చే కాగితంలో అవి ఏవీ ఉండక్కర్లేదు. కంపెనీలకి అందుకే ఆ మాట ముద్దు.

ఇదంతా వాడికి వాయిస్ మెసేజ్‌లో చెప్పాను, నాలుగు నిమిషాలు వచ్చింది, సగమే విని ఉంటాడు. "హెచ్ఆర్‌ని రెండు అడుగు, అప్రెంటిస్ పోర్టల్‌లో రిజిస్టర్ చేస్తారా, ఏ ట్రేడు కింద" అన్నాను. మర్నాడు ఫోన్ చేశాడు. రిజిస్టర్ సంగతి చూద్దాం అన్నారట, ట్రేడు అడిగితే ఆ హెచ్ఆర్ అమ్మాయి నవ్వి "ఏ లైన్‌లో మనిషి తక్కువైతే అక్కడ" అందట. చేరతావా అన్నాను. సోమవారం బస్సు పొద్దున్నే ఐదుంపావుకి మూలకొత్తలం దగ్గర ఎక్కాలి అన్నాడు.