అయిదు భాగహారాల దూరంలో

రెండును ముప్పై రెండుసార్లు వేసుకుని గుణించి, వచ్చినదానికి ఒకటి కలిపితే 4,29,49,67,297 వస్తుంది. మాటల్లో చెప్పాలంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ఇది ప్రధాన సంఖ్య అవునా, కాదా అన్నది 92 ఏళ్లపాటు తేలలేదు.

ఫ్రాన్సులోని తూలూజ్‌లో న్యాయస్థానపు కొలువు చేసుకుంటూ తీరిక వేళల్లో లెక్కలు చూసిన పియేర్ ద ఫెర్మా, రెండుకు 1, 2, 4, 8, 16 ఘాతాలు వేసి ఒక్కొక్కటి కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65,537 అన్నీ ప్రధాన సంఖ్యలే కావడం గమనించి, ఘాతాన్ని రెట్టింపు చేసుకుంటూ ఎంత దూరం పోయినా ఇలాగే ఉంటుందని 1640లో ఉత్తరాల్లో రాశాడు. రుజువు మాత్రం ఇవ్వలేకపోయాడు. ఆ వరసలో తరువాతిదే మన సంఖ్య.

గుడ్డిగా వెతికితే దీని వర్గమూలం దాకా, అంటే 65,536 దాకా ఉన్న 6,542 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూడవలసి రావచ్చు. 1732లో స్విట్జర్లాండ్ గణితవేత్త ఆయిలర్ 641 దీన్ని భాగిస్తుందని చూపాడు. దాని వెనక ఉన్న దారిని తరువాతి కాలంలో వివరించాడు. ఒక ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తే, దానితో 2 ఘాతాలను భాగించినప్పుడు శేషం 32వ ఘాతం దగ్గర ఆ ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువగా, 64వ ఘాతం దగ్గర మొట్టమొదటిసారి సరిగ్గా ఒకటిగా తేలుతుంది. ప్రధాన సంఖ్యలో ఒకటి తగ్గించి 2కు అంత ఘాతం వేసినా శేషం 1 వస్తుందన్నది ఫెర్మా స్వయంగా చెప్పిన సిద్ధాంతం. శేషం 1 మళ్లీ వచ్చేది 64 గుణిజాల దగ్గరే కాబట్టి, ఆ ప్రధాన సంఖ్యలో ఒకటి తీసేస్తే మిగిలినది 64తో నిశ్శేషంగా పోవాలి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పనిముట్టు ఫెర్మా చేతిలోనే ఉంది.

ఆ షరతుకు నిలిచే ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే ప్యాసింజరులో, పిడతకింద పప్పు తిన్నాక మిగిలిన పొట్లం కాగితం మీద ఈ అయిదు భాగహారాలూ ఒకసారి చేసి చూశాను. రైలు కృష్ణ వంతెన మీద ఉండగా 193తో మొదలుపెడితే శేషం 109 వచ్చింది, 257తో 2. బండి కుదుపుకు 449 దగ్గర ఒక అంకె తప్పి, మళ్లీ మొదటినుంచి వేయవలసి వచ్చింది. అక్కడ శేషం 325, ఆ తరువాత 577తో 288. మంగళగిరి దాటి నంబూరు వచ్చేలోపు 641తో శేషం సున్నా అయింది, భాగఫలం 67,00,417 మిగిలింది. అదీ ప్రధాన సంఖ్యే.

భాగహారం అక్కరలేని దారి ఇంకొకటి ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. 640 అంటే 5ను 2 యొక్క 7వ ఘాతంతో గుణించినది. 641తో భాగించి శేషాలే చూసే లెక్కలో అది 641కి ఒకటి తక్కువ, అంటే −1. దానికి నాలుగో ఘాతం వేస్తే 625ను 2 యొక్క 28వ ఘాతంతో గుణించిన లబ్ధం +1కు సమానమవుతుంది. కానీ 641 అంటే 625, 16ల మొత్తం కనుక 625 బదులు −16 వేసుకోవచ్చు. 16 అంటే 2 యొక్క 4వ ఘాతమే. దాన్ని 28వ ఘాతంతో గుణిస్తే 32వ ఘాతం −1 అని తేలిపోతుంది.

మన సంఖ్యకు రెండు తక్కువైన 4,29,49,67,295 కంప్యూటర్ వాళ్లకు బాగా తెలుసు. 32 బిట్లలో, అంటే 0, 1 మాత్రమే వాడే 32 స్థానాల్లో, పట్టే అతి పెద్ద పూర్ణసంఖ్య అదే. దాన్ని విడగొడితే 3, 5, 17, 257, 65,537 వస్తాయి, ఫెర్మా చూసిన ఆ అయిదే.