కిడ్నీ స్టెంట్: అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్‌లో నా ఓపీకి వచ్చేవాళ్లలో కిడ్నీ రాళ్లవాళ్లే ఎక్కువ. ఆపరేషన్ అయ్యాక చాలామందికి లోపల సన్నటి మెత్తటి గొట్టం పెట్టి పంపుతాం. అదే డీజే స్టెంట్. వంకీ తిరిగిన పై కొస కిడ్నీలో, కింది కొస మూత్రాశయంలో నిలిచి, వాపు తగ్గేదాకా మూత్రానికి దారి ఇస్తుంది.

అపోహ: "గుండెకు వేసింది తీయరు గద సారూ, ఇదీ అంతే."

వాస్తవం: పేరే ఒకటి. గుండె స్టెంట్ లోహపు జాలీ, దాని మీద రక్తనాళం పొర పరుచుకుంటుంది. ఇది ఎప్పుడూ మూత్రంలో నానుతుంటుంది. బోరు నీళ్లకు బకెట్ అంచున తెల్లగా పేరుకున్నట్టు, దీనిమీదా లవణాలు గట్టిపడతాయి. అందుకే సాధారణంగా కొన్ని వారాల్లో తీసేస్తాం. ఎక్కువకాలం అవసరమైతే 3 నుంచి 6 నెలలకోసారి మారుస్తాం.

అపోహ: నొప్పి లేదంటే లోపల అంతా బాగున్నట్టే.

వాస్తవం: నాకు టెన్షన్ పెట్టేది ఈ మాటే. పాలమూరు వలస తెలిసిందే. కాస్త లేవగానే ముంబైకో పుణెకో పనికి పోతారు, డిశ్చార్జి కాగితం ఊళ్లోనే ఉండిపోతుంది. అలా రెండేళ్ల తర్వాత జ్వరంతో వచ్చిన ఒకాయన ఎక్స్‌రేలో స్టెంట్ రెండు కొసలకూ రాళ్లు. టైముకు తీస్తే కొద్ది నిమిషాల్లో అయ్యే పనికి వీపు నుంచి ఒకసారి, కింది నుంచి ఒకసారి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఇంకా ఆలస్యమైతే కిడ్నీయే పోవచ్చు. "లోపల పైపు ఉందని నాకెవ్వరూ చెప్పలే" అన్నాడు. రాసే ఇచ్చారు, ఇంగ్లీషులో! తప్పు మా డాక్టర్లదీ ఉంది. ఇప్పుడు తీసే తేదీ ఫైలు మీద తెలుగులో పెద్దగా రాసి, ఇంట్లో ఇంకొకరి ఫోన్ నంబర్ కూడా తీసుకుంటున్నాను.

అపోహ: మూత్రం ఎర్రగా వస్తే ఆపరేషన్ చెడిపోయినట్టు.

వాస్తవం: కాదు. బరువులెత్తినా, ఎక్కువ నడిచినా స్టెంట్ రాసుకుని కాస్త ఎర్రబడుతుంది. నీళ్లు తాగితే తేటబడుతుంది. మూత్రం పోసేటప్పుడు నడుములో పోటు కూడా మామూలే, మూత్రం స్టెంట్ గుండా వెనక్కి తన్నడం వల్ల వస్తుంది. చలిజ్వరం వచ్చినా, రక్తం గడ్డలుగా పడినా, మూత్రం ఆగినా మాత్రం ఆ రోజే రండి.

అపోహ: ఈతకల్లో బీరో తాగితే స్టెంట్ దానంతటదే పడిపోతుంది.

వాస్తవం: పడదు. ఆ వంకీలు ఉన్నది జారకుండానే! తీయడానికి కోత అక్కర్లేదు. పెద్దవాళ్లకు చాలావరకు మత్తు జెల్లీ వేసి, మూత్రం దారిలోంచి సన్నటి కెమెరా పంపి లాగేస్తాం. కాసేపు మంట ఉంటుంది, ఆ రోజే ఇంటికి పోవచ్చు. కాగితాలు పోయి, స్టెంట్ తీశారో లేదో గుర్తులేకపోతే ఒక్క ఎక్స్‌రే తీయించండి. ఉంటే అందులో తెల్లటి గీతలా కనబడుతుంది.