కాగితం చుట్టే బుల్లెట్‌కు అచ్చు ఎంపిక: అపోహలు - వాస్తవాలు

అపోహ: రైఫిల్ 45 క్యాలిబర్‌ది అయితే, 45 క్యాలిబర్ అచ్చు ఏదైనా సరిపోతుంది.

వాస్తవం: బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకిమందు) రైఫిళ్ల విషయంలో కొత్తవారి డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఈ నమ్మకం వల్లనే. రైఫిల్ గొట్టం లోపల మెలి తిరుగుతూ కోసిన గాళ్లు, వాటి మధ్య ఎత్తుగా మిగిలిన గట్లు ఉంటాయి. 45 క్యాలిబర్ గొట్టంలో ఎదురెదురు గట్ల మధ్య దూరం సాధారణంగా 0.450 అంగుళం ఉంటే, గాళ్ల అడుగు నుంచి అడుగుకు 0.458 ఉంటుంది. అచ్చులో పోసిన సీసపు బుల్లెట్‌కు కాగితాన్ని రెండు చుట్లు చుడతాం కాబట్టి, కాగితం మందానికి నాలుగు రెట్లు వ్యాసానికి కలుస్తుంది. 0.002 అంగుళం మందమున్న కాగితమైతే కలిసేది 0.008. గట్ల కొలతకు సరిపోయేలా చుట్టాలంటే 0.442 అచ్చు కావాలి. గాళ్ల కొలతకు చుట్టాలంటే 0.450 కావాలి. ఈ రెండు పద్ధతులకూ ఒకే అచ్చు పనికిరాదు.

అందుకే నేను ముందు కాగితం కొని, ఆ తర్వాతే అచ్చు గురించి ఆలోచించమంటాను. పది పొరలు కలిపి మైక్రోమీటర్‌తో కొలిచి పదితో భాగిస్తే మందం నమ్మకంగా తెలుస్తుంది. గొట్టం కొలతకు కూడా తయారీదారు పట్టికను నమ్ముకోకుండా, మెత్తని సీసపు ముక్కను గొట్టంలోంచి నెట్టి, దానిమీద పడిన గుర్తులను కొలవాలి. తడిపి చుట్టిన కాగితం ఆరేటప్పుడు బిగుసుకుంటుంది కనుక, చివరి కొలత పూర్తిగా ఆరిన తర్వాతే తీసుకోవాలి. గట్ల కొలతకు చుట్టిన బుల్లెట్, శుభ్రంగా ఉన్న గొట్టం మూతిలోకి బొటనవేలితో నెడితే జారాలి.

అపోహ: ఎంత బిగుతుగా ఉంటే గురి అంత బాగుంటుంది.

వాస్తవం: బ్లాక్ పౌడర్ పేలుడు తాకిడికి మెత్తని సీసం వెనక నుంచి ఉబ్బి గాళ్లను నింపుతుంది, ఆ పని మందే చేస్తుంది గనుక, మనం ముందే బిగించనక్కర లేదు. దీనికి మన చరిత్రలోనే సాక్ష్యం ఉంది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లో తూటా కాగితమే బుల్లెట్ చుట్టూ ఉండి గొట్టంలోకి దిగేది. 0.577 గొట్టానికి మొదట వాడిన 0.568 బుల్లెట్, మసి పేరుకున్నాక దిగడం కష్టమైపోయింది. అందువల్ల 1850ల చివర దాన్ని 0.550కి తగ్గించారు.

ఇదే కారణంతో గట్టి మిశ్రమం కూడా మేలు చేయదు. 16 లేదా 20 పాళ్ల సీసానికి ఒక పాలు తగరం చాలు. సీసాన్ని గట్టిపరిచే ఆంటిమొనీ లోహం కలిసిన పాత టైర్ బరువులతో పోసిన బుల్లెట్లు ఉబ్బడానికి మొరాయిస్తాయి. పైగా అదే అచ్చులో పోసినా బుల్లెట్ కాస్త లావుగా వస్తుంది. అచ్చు చేయించేటప్పుడు మీరు వాడే మిశ్రమమేదో తప్పక చెప్పండి.

మెత్తని సీసం దూరానికి పనికిరాదనే వాదన కూడా నిలవదు. 1874లో న్యూయార్క్ సమీపంలోని క్రీడ్‌మూర్‌లో అమెరికన్లు, ఐరిష్‌వారు 800, 900, 1000 గజాల దూరాల్లో పోటీపడి, 934-931 స్కోరుతో ఫలితం తేలినప్పుడు వాడుకలో ఉన్నవి కాగితం చుట్టిన సీసపు బుల్లెట్లే.

అపోహ: పొడవైన, బరువైన బుల్లెట్ ఎప్పుడూ మేలు.

వాస్తవం: దాని హద్దును గొట్టంలోని మెలిక, అంటే గాళ్లు ఒక పూర్తి చుట్టు తిరగడానికి పట్టే పొడవు, నిర్ణయిస్తుంది. 1879లో గణితవేత్త గ్రీన్‌హిల్ ఇచ్చిన సూత్రం ప్రకారం, 150ని వ్యాసం వర్గంతో గుణించి బుల్లెట్ పొడవుతో భాగిస్తే, ఒక పూర్తి మెలికకు పట్టాల్సిన అంగుళాలు వస్తాయి. 0.45 వ్యాసానికి 18 అంగుళాల మెలిక దాదాపు 1.69 అంగుళాల పొడవును నిలబెడుతుంది. 22 అంగుళాల మెలికకు 1.38 మించితే సందేహమే.

బుల్లెట్ అడుగు చదునుగా ఉండాలా, చిన్న గుంట ఉండాలా అన్నదానిపై వాదోపవాదాలు అనవసరం. గుంట కాగితం కొసను మడిచి దాచడానికి అనువు, అంతే. గ్రీజు గాళ్లున్న అచ్చును మాత్రం ఈ పనికి కొనవద్దు, నున్నటి పక్కలు కావాలి.

మొదటి అచ్చుగా, అడుగు బిళ్లను జరిపి పొడవు మార్చుకోగలిగే రకాన్ని సూచిస్తాను. బిళ్ల జరిపితే పొడవు, బరువు మారతాయి గానీ వ్యాసం మారదు. కనుక ఆర్డరు ఇచ్చే ముందు కాగితం మందం, గొట్టం కొలత, మిశ్రమం అనే ఈ మూడూ ఖాయం చేసుకుని ఉండాలి.