పేనుకు తెలిసిన మన చుట్టరికాలు

మొన్న వేసవి సెలవులకు మా అక్క కూతురు కందుకూరు వచ్చింది. వచ్చిన రెండో రోజే పిల్ల తల గోక్కోవడం మా అమ్మ కంటపడింది. ఇంకేముంది, మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో పిల్లను ముందు కూర్చోబెట్టుకుని, కింద తెల్ల గుడ్డ పరిచి, ఈరుబానతో దువ్వడం మొదలుపెట్టింది. దువ్విన ప్రతిసారీ గుడ్డ మీద నువ్వుగింజంత పేను ఒకటో రెండో పడేవి. దాన్ని బొటనవేలి గోటి మీద పెట్టి రెండో గోటితో టిక్కుమనిపించేది అమ్మ.

పిల్ల ఊరికే కూర్చోదు గదా. అంతకుముందు ఆదివారమే పెంచలకోన వెళ్లొచ్చాం, అక్కడ ఒక కోతి దాని చేతిలో కొబ్బరిచిప్ప లాక్కుపోయింది, ఆ కోపం ఇంకా తగ్గలేదు. "మామయ్యా, కోతి నుంచే మనిషి వచ్చాడని మా సార్ చెప్పాడు. మరి ఆ కోతులింకా కోతుల్లాగే ఎందుకున్నాయి?" అంది.

ఇది చిన్నపిల్లలడిగే ప్రశ్న మాత్రమే కాదు, డిగ్రీలు చదివినవాళ్లు కూడా వాదన గెలిచేసిన మొహం పెట్టుకుని ఇదే అడుగుతుంటారు. నిజానికి దీనికి జవాబు చెప్పడానికి మనకు సైన్సు కంటే ముందు చుట్టరికాలు తెలిస్తే చాలు. చింపాంజీ మనకు తాత కాదు, దాయాది. ఇద్దరి వంశాలూ 60, 70 లక్షల ఏళ్ల కిందట ఆఫ్రికాలో ఒకే గుంపుగా ఉండేవి. ఆ గుంపులోవి ఇవాళ్టి చింపాంజీలూ కాదు, మనుషులూ కాదు. తర్వాత పాళ్లు పంచుకున్నట్టు వేరుపడి ఎవరి దారిన వాళ్లు మారుతూ వచ్చారు. మా పెదనాన్న కొడుకులు ఇంకా ఊళ్లోనే ఉన్నారు కాబట్టి నేను పుట్టడానికి వీల్లేదని ఎవరైనా అంటారా? ఈ ప్రశ్నా అట్టాంటిదే. ఇక పెంచలకోన కోతి అయితే ఇంకా దూరపు దాయాది, దాని వంశంతో మనం తెగతెంపులు చేసుకుని రెండున్నర, మూడు కోట్ల ఏళ్లయింది.

"ఇదంతా ఎవరు చూశారు?" అంది పిల్ల. న్యాయమైన మాటే. ఎముకలున్నాయి, డీఎన్ఏ ఉంది. చింపాంజీకి 48 క్రోమోజోములు, మనకు 46. పాత 48లో రెండు జతలు మన వంశంలో అతుక్కుని ఒకే జతయ్యాయి, మన రెండో క్రోమోజోములో ఆ అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది. కానీ ఆ పూట నాకు ఇంకో సాక్షి గుడ్డ మీదే పాకుతూ కనిపించింది.

పేను సంగతి విచిత్రమైంది. దానికి రెక్కల్లేవు, గెంతలేదు. మనిషి తల వదిలితే ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. రోజుకు కొన్నిసార్లు రక్తం తాగాలి, వేరే జంతువు రక్తంతో దానికి గడవదు. దాని కాలి చివర కొక్కెం సరిగ్గా మన వెంట్రుక లావుకు సరిపోయేట్టు ఉంటుంది. అందుకే పేను ఒక తల నుంచి ఇంకో తలకు, అదీ ఎక్కువగా తలా తలా ఆనినప్పుడే, పోతుంది. అంటే తల్లి నుంచి బిడ్డకు, అక్క నుంచి చెల్లికి, మనతో పాటే తరాలుగా నడిచొచ్చిన ప్రాణి ఇది. ఆస్తులు పోయినా, ఊళ్లు మారినా, పేను మాత్రం వంశం వదల్లేదు.

ఇప్పుడు దాయాదులు వేరుపడితే వాళ్ల పేలు కూడా వేరుపడాలి కదా. సరిగ్గా అదే జరిగింది. చింపాంజీ ఒంటి మీదున్న పేను, మన తలలో పేను ఒకే జాతికుటుంబానివి, అవి రెండూ విడిపోయిన కాలాన్ని వాటి డీఎన్ఏలో తేడాలను బట్టి లెక్కకడితే సుమారు 55, 60 లక్షల ఏళ్లు తేలింది. మనుషులూ చింపాంజీలూ విడిపోయారని ఎముకలు చెప్పే కాలానికి ఇది దగ్గరే. పెంచలకోన కోతి పేను ఈ రెంటికీ దూరం, అది వేరే కుటుంబం, దాని చీలిక రెండుకోట్ల ఏళ్లు దాటిపోయింది. కోర్టులో ఒకరికొకరు తెలియని సాక్షులు ఒకే మాట చెబితే ఎంత బలమో, నాకు ఈ లెక్క అంత బలంగా అనిపిస్తుంది.

మరో పేను ఉంది, చోటు చెప్పనక్కర్లేదు, నడుం కింద ఉంటుంది. అది చింపాంజీ పేను జాతికి చెందింది కాదు, గొరిల్లా పేనుకు చుట్టం. సుమారు 30 లక్షల ఏళ్ల కిందట గొరిల్లా నుంచి మన పూర్వీకులకు పాకిందని తేలింది. ఎలా పాకిందని మీరు వెంటనే ఊహించే కారణం కాకపోవచ్చు, గొరిల్లాలు వదిలేసిన పడకల్లో పడుకుని ఉండొచ్చు, వాటిని వేటాడి తిని ఉండొచ్చు. ఇది మాత్రం పిల్లకు చెప్పలేదు.

రెండు చోట్ల రెండు రకాల పేలు ఎందుకంటే మధ్యలో అడవి నరికేసినట్టు మన ఒంటి మీద బొచ్చు పోయింది కాబట్టి. ఎందుకు పోయిందన్నదానికి ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఒప్పుకునే కారణం తెలియాలంటే మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంటకు కందుకూరు బస్టాండు దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. కుక్క లారీ కింద నీడలో నాలుక బయటపెట్టి రొప్పుతూ పడుంటుంది, నిమ్మసోడా బండివాడు మాత్రం చొక్కా తడిసి ముద్దయినా పనిచేస్తూనే ఉంటాడు. మన ఒంటి మీద 20 నుంచి 50 లక్షల దాకా చెమట గ్రంథులున్నాయి. చింపాంజీ చర్మంలో కంటే చాలా దట్టంగా ఉంటాయి అవి. ఒక లీటరు చెమట ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 580 కిలోక్యాలరీల వేడి తీసుకుపోతుంది. బొచ్చు ఉంటే ఆ చెమట బొచ్చులోనే జిడ్డుగా నిలిచిపోయేది. ఎండలో జంతువులన్నీ నీడ పట్టినప్పుడు నడవగలగడం, పరిగెత్తగలగడం వేటకు ఎంత లాభమో చెప్పనక్కర్లేదు. తల మీద జుట్టు ఎందుకు మిగిలిందంటారా, నడినెత్తిన పడే ఎండకు అదే గొడుగు. 2023లో ఒక వేడి బొమ్మకు రకరకాల విగ్గులు పెట్టి కొలిచారు, బాగా ఉంగరాలు తిరిగిన జుట్టు అన్నిటికంటే ఎక్కువ ఎండ ఆపింది.

బొచ్చు పోయినా దాన్ని లేపే కండరాలు మాత్రం పోలేదు. చలేసినా భయమేసినా రోమాలు నిక్కబొడుచుకుంటాయి చూడండి, అది లేని బొచ్చును లేపే ప్రయత్నం. పాత ఇంట్లో ఫ్యాను తీసేసినా స్విచ్చి మిగిలినట్టు.

బొచ్చు పోయిందెప్పుడు? బొచ్చు కింద చింపాంజీ చర్మం తెల్లగా ఉంటుంది. బొచ్చు పోయాక ఎండ తగిలితే నల్లబడక తప్పదు. ఆ నలుపును కాపాడే జన్యువు కనీసం 12 లక్షల ఏళ్ల పాతదని లెక్క. అంటే అప్పటికే మనవాళ్లు నున్నటి ఒంటితో తిరుగుతున్నారు. మరి బట్టలెప్పుడు కట్టారు? గొడ్డలి రాయి మిగులుతుంది, తోలు గుడ్డ మిగలదు, మట్టిలో కలిసిపోతుంది. అక్కడ మళ్లీ పేనే దిక్కయింది.

జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థలో పనిచేసిన మార్క్ స్టోన్‌కింగ్ అనే జన్యుశాస్త్రవేత్త కొడుకు ఒకరోజు స్కూలు నుంచి చీటీ తెచ్చాడు, క్లాసులో ఎవరికో పేలు పడ్డాయి జాగ్రత్త అని. మనిషి ఒంటి వేడి లేకుండా పేను ఒక రోజుకు మించి బతకదని అందులో ఉంది. నాకైతే అట్టాంటి చీటీ వస్తే మందు షాపుకు పోతాను. ఆయన మాత్రం, తలలో పేను కాక బట్టల కుట్టుల్లో గుడ్లు పెట్టి ఒంటి మీద బతికే ఇంకో రకం ఉంది కదా, బట్టలే లేనప్పుడు అది ఎక్కడుండేది అనుకున్నాడు. ఒంటి పేను తల పేను నుంచి ఎప్పుడు చీలిందో తెలిస్తే బట్టల వయసు తెలిసినట్టే. 2003లో ఆయన బృందం సుమారు 70 వేల ఏళ్లంది, తర్వాత సవరించి లక్ష దాటించారు. 2011లో ఇంకో బృందం సుమారు 1 లక్షా 70 వేల ఏళ్లు, తక్కువలో తక్కువ 83 వేలు అని తేల్చింది. ఈ అంకెలు ఇంకా మారొచ్చు, అయినా ఏది నిజమైనా నున్నటి ఒంటికీ మొదటి గుడ్డకూ మధ్య పది లక్షల ఏళ్లు మనం అట్టాగే తిరిగామన్నమాట.

దాయాదుల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. మనలో దాయాదులకు పిల్లనివ్వం, అన్నాచెల్లెళ్ల వరస. మన పూర్వీకులకు ఆ పట్టింపు లేదు. ఆఫ్రికా దాటి బయటికొచ్చినవాళ్లు, ఎప్పుడో విడిపోయిన నియాండర్తాల్ అనే పాత మానవజాతి దాయాదులతో సుమారు 50 వేల ఏళ్ల కిందట వియ్యమందారు. వాళ్ల ఎముకల్లోంచి డీఎన్ఏ తీసి 2010లో చదివిన శాస్త్రవేత్త స్వాంతే పాబోకు 2022లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆఫ్రికా బయటి వాళ్లందరిలో, అంటే నాలోనూ మా అమ్మలోనూ, సుమారు 2 శాతం ఆ వియ్యంలో వచ్చిన అరణమే. అరణంలో అన్నీ మంచివి రావు కదా. మూడో క్రోమోజోములో అట్టా వచ్చిన ఒక ముక్క ఉన్నవాళ్లకు కోవిడ్ ముదిరే అవకాశం ఎక్కువని 2020లో తేలింది, మన దక్షిణాసియాలో సగంమంది దాకా దాన్ని మోస్తున్నారు.

ఇదంతా ఎక్కడో ఆఫ్రికాలో, యూరప్‌లో జరిగిన కథ, మనకేంటి అనుకోకండి. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ సర్వే అధికారికి మద్రాసు దగ్గర పల్లావరంలో రాతి పనిముట్టు దొరికింది, మన దేశపు పాతరాతియుగం పరిశోధన అక్కడ మొదలైంది. నెల్లూరులో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే అత్తిరంపాక్కంలో చేతిగొడ్డళ్లు 15 లక్షల ఏళ్ల నాటివి. కనిగిరి వైపు హనుమంతునిపాడులో దొరికిన రాతి పనిముట్లు రెండు లక్షల ఏళ్లు దాటినవి. అవి చేసింది మనలాంటి మనుషులా, వేరే దాయాదులా అన్నది వాదన, ఎందుకంటే రాళ్లు దొరికాయి గానీ వాటిని పట్టుకున్న చెయ్యి ఎముక దొరకలేదు. ఇంకా ఆశ్చర్యం, ప్రకాశం వైపే తవ్వకాల్లో 41 వేల ఏళ్ల నాటి నిప్పుకోడి గూడు బయటపడింది, దాదాపు మూడున్నర వేల పెంకుముక్కలు, 9 నుంచి 11 గుడ్లు పెట్టిన గూడట. మెట్ట పొలాల్లో నిప్పుకోళ్లు తిరిగిన కాలం! మా నాన్న పొలంలో నాగలికి అడ్డొచ్చే రాళ్లన్నీ గట్టు మీదికి విసిరేవాడు, వాటిలో ఏముండేవో ఇప్పుడు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఈ కబుర్లు టీ కొట్టు దగ్గర చెబుతుంటే మా వీధి పెద్దాయన ఒకరు, "ఆదిమానవుల్ని చూడాలంటే అంత దూరమెందుకు, మన యానాదులున్నారు గదా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నచ్చలేదు. ఇది పాత జబ్బు. వందేళ్ల కిందట మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాదిన కులకులానికీ ముక్కులు కొలిచి అంకెలు రాసి, 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. ముక్కు కొలతకూ వంశం పాతదనానికీ సంబంధం లేదు. ఇవాళ బతికున్న ఏ తెగా ఇంకో తెగకు పూర్వీకులు కాదు. ఆ పెద్దాయన వెనకా, యానాది వెనకా, నా వెనకా అదే ఆఫ్రికా నుంచి లెక్కపెడితే సరిగ్గా అంతే కాలం ఉంది. "మీ పేనూ నా పేనూ ఒకే వయసుది బాబాయ్, ఇంక మనమెంత" అన్నాను. ఆయన టీ డబ్బులిచ్చి వెళ్లిపోయాడు.

ఇక వసారాలోకి వస్తే, అమ్మ ఇదంతా వింటూనే దువ్వుతోంది. "అన్ని లక్షల ఏళ్ల నుంచి ఉండే చుట్టాలంటున్నావు, మరి వీటిని వదిలించేదెట్టా?" అంది. అక్క అయితే మూడుసార్లు షాంపూ మందు వాడిందట, పోలేదు. అందులో వింత లేదు. పేన్ల మందుల్లో ఎక్కువగా వాడే పెర్మెత్రిన్ పేను నరాల మీద పనిచేస్తుంది. అది తగిలినా చావని పేలు ఏ ఒకటో రెండో ఉంటాయి, నరాల్లో మందు అతుక్కునే చోటు కాస్త వేరుగా ఉన్నవి. మిగతావన్నీ చస్తే ఆ తలంతా వాటి పిల్లలదే. ప్రపంచంలో చాలా చోట్ల ఇప్పుడు ఆ రకమే ఎక్కువైపోయింది. పరిణామం ఇంకా జరుగుతోందా అని అడిగేవాళ్లకు చూపించడానికి లక్షల ఏళ్లు అక్కర్లేదు, ఒక తరం మందులు చాలు.

"ఓహో, మందుకు అలవాటు పడ్డాయా," అంది అమ్మ, పిల్ల తల ఇటు తిప్పి చెవి వెనక పాయ తీస్తూ, "దువ్వెనకు అలవాటు పడమను చూద్దాం." టిక్కుమంది.